వంక చెప్పి అమ్మే తోట

మాట్లాడి కప్పులు గెలుచుకున్న దానిని నేను. అటువంటి నన్ను పోయిన వేసవిలో, ఒక పెద్దమనిషిని మాట్లాడనివ్వకుండా చూసే పనికి పిలిచారు.

పిలిచింది హైమ. విశాఖలో చదువుకున్నన్నాళ్లూ మేమిద్దరం చర్చా పోటీల్లో ఒకే జట్టుగా వాదించాం. అనుకూల పక్షమైనా ప్రతికూల పక్షమైనా మా మధ్య ఒక నియమం ఉండేది: మన వాదంలోని బలహీనతను మనంతట మనం పలకరాదు, దాన్ని కనిపెట్టే భారం ఎదుటివారిది. ఆ నియమం మమ్మల్ని చాలా వేదికలు ఎక్కించింది. హైమ తండ్రి లక్ష్మునాయుడుగారు మాత్రం పాతపట్నం దగ్గర తన తోటను సరిగ్గా దీనికి తలకిందులైన నియమం మీద నడుపుతున్నారని ఫోనులోనే మొదటిసారి తెలిసింది.

"మా నాన్న ఏది అమ్మినా ముందు దాని వంక సెప్తాడే," అంది హైమ. ఇంటికి చేరిన కొద్దినాళ్లకే దాని నోట్లో వేదికల మీది భాష కరిగిపోయింది. "మా తాతా అంతే, ముత్తాతా అంతే. వంక ముందు, వెల తరవాత. ఇప్పుడు విశాఖ నుంచి మిఠాయి కొట్టాయన మా తాండ్ర సూడ్డానికి వస్తన్నాడు. నాన్న నోరు తెరిస్తే మా అమ్మ సెట్లు పోతాయి. నువ్వు బేగి రా."

చెట్ల సంగతి ఇదీ. ఆ తోటలో సగం పాతకాలపు పీచు మామిడి. కోసుకు తినడానికి పనికిరాదు, పిండితే మాత్రం రసం ధారలు కడుతుంది. ఆ రసాన్ని హైమ తల్లి వరహాలమ్మగారు తాండ్ర పోస్తారు. కొన్నేళ్లుగా ఆ తాండ్ర చుట్టాలిళ్లకూ చుట్టుపక్కల సంతలకూ చెల్లిపోవడమే తప్ప దానికి నికరమైన బేరం లేదు. ఈసారైనా బేరం కుదరకపోతే, తొలకరి పడగానే పీచు చెట్లన్నీ కొట్టించి జామాయిలు మొక్కలు వేస్తానని నాయుడుగారు నిర్ణయించారు. మొక్కల వ్యాపారికి కబురు కూడా పెట్టారు.

సత్యం పట్ల నాకు అపారమైన గౌరవం. అయినా బయలుదేరాను. సత్యాన్ని ఒక అరగంట వాయిదా వేయడం అసత్యం కిందకు రాదని గుంటూరులో రైలెక్కిన కాసేపటికే నాకు నేను నిరూపించుకున్నాను. ఖండించేవారు ఎవరూ లేనందున ఆ వాదం ఏకగ్రీవంగా నెగ్గింది.

విజయనగరం: జిల్లాలో లేని చాపలు

హైమ నాకు దారిలో ఒక పని అప్పగించింది. తాండ్ర పోయడానికి తాటాకు చాపలు చాలడం లేదట. విజయనగరంలో దిగి ఆమె మేనమామ సింహాచలంగారి దగ్గర కొత్తవి తీసుకుని రావాలి. వరహాలమ్మగారి పుట్టిల్లు అటువైపే. తాండ్ర విద్య ఆ ప్రాంతానిది. పాతపట్నానికి అది ఆవిడ సారెతో పాటు వెళ్లింది.

స్టేషను దగ్గరి హోటల్లో ముప్పై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. మా గుంటూరులో పచ్చడి అంటే ఓర్పుకు పరీక్ష. ఇక్కడ అది పరామర్శలా ఉంది. కొబ్బరి, కాస్త అల్లం, ఎవరినీ నొప్పించని ఉద్దేశం. మరికాస్త కారం ఉందా అని అడిగితే, వడ్డించే ఆయన నా వైపు జాలిగా చూసి, "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అన్నాడు.

సింహాచలంగారు చాపల కట్టను బజారు మధ్యలో విప్పి, దాని మీద గుద్ది చూపించారు. "సూడమ్మా, దీని మీద ఏనుగు పడుకున్నా ఈనె కదల్దు. జిల్లా అంతా తిరుగు, ఇలాటి సాప దొరికితే నా పేరు మార్చీ."

"వంక ఏమైనా ఉందాండీ?" అని ఊరికే అడిగాను.

ఆయన చేయి గాలిలోనే ఆగిపోయింది. "ఇంకా ఆ ఇంటికి ఎల్లనేనేదు, అప్పుడే అంటుకున్నాదా నీకు? అది ఆ వంశంలో జబ్బమ్మా. మనం మంచోళ్లం. మనకెందుకది?"

నరసన్నపేట దాకా: చాపకు సీటు

బస్సులో కండక్టరు చాపల కట్టకు కూడా టిక్కెట్టు కొట్టాలన్నాడు. మనుషులకు మాత్రమే ఛార్జీ వర్తిస్తుందనీ, చాప అనేది కూర్చోవడానికి ఉపయోగపడే వస్తువే గాని తాను కూర్చునే ప్రాణి కాదనీ నేను వాదం ప్రారంభించాను.

"మరి నీ పక్క సీట్లో కూకున్నది ఏటమ్మా?" అన్నాడు.

చూశాను. కట్ట నిటారుగా, కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుని ఉంది. టిక్కెట్టు తీసుకున్నాను.

ముందు సీట్లోని ముసలాయన వెనక్కి తిరిగి నవ్వారు. పేరు తవిటయ్య అని చెప్పారు. నరసన్నపేటలో దిగుతారట. నేను వెళ్తున్న ఇల్లు ఏదో తెలియగానే ఆయన రెండు చేతులూ సీటు మీద వేసి పూర్తిగా ఇటు తిరిగిపోయారు.

"ఓలమ్మ! వంకల నాయుడింటికా! మా బావకి ఆయనే ఎద్దునమ్మినాడు. 'ఇది దున్నతాది, లాగతాది, గాని నల్లగొడుగు సూస్తే బెదురుతాది' అని ముందే సెప్పినాడు. మా బావ పకపక నవ్వీసి కొనీసినాడు. అది ఎండాకాలమమ్మా. వానాకాలం వచ్చీసరికి ఊరంతా నల్లగొడుగులే."

"తరువాత?"

"తరవాతేటున్నాది? మా బావ ఇప్పటికీ ఎద్దు పక్కన గొడుగు నేకుండా తడుస్తాడు. ఎవుల్నీ అనడానికి నేదు. సెప్పినాడు కదా!"

"అయితే మీరు ఆయన దగ్గర ఏదీ కొనరన్నమాట."

"అదేటమ్మా," అన్నారాయన విస్తుపోయి, "మరెవుల దగ్గర కొంటాను?"

ఈ చివరి మాటకు నేను విలువ ఇవ్వలేదు. మన పక్షానికి పనికిరాని సాక్ష్యాన్ని సాక్ష్యంగా లెక్కించకపోవడం పోటీలలో అందరికీ ఉండే అలవాటే. ఆయన దిగిపోయాక చాపలు సర్దబోతే, ఏనుగు పడుకున్నా కదలని ఈనెలు నా చేతికే నాలుగైదు ఊడి వచ్చాయి.

తోట: స్వాగత వచనాలు

పాతపట్నంలో హైమ ఎదురొచ్చింది. ఊరు దాటి కొండల వైపు కొంత దూరం వెళ్తే తోట. ముందు వంగ, బెండ మళ్లు, పందిళ్ల మీద ఆనప, గట్ల వెంబడి బూడిద గుమ్మడి, వెనకాల మామిడి. ఇంటి ముందు వాకిలి సగం చాపల మీద ఎండుతున్న కాయగూర వరుగులూ గుమ్మడి వడియాలూ ఆక్రమించాయి. మనిషి నడవడానికి మిగిలిన దారి మడమ వెడల్పు ఉంటుంది.

లక్ష్మునాయుడుగారు బక్కగా, పొడుగ్గా, అవసరానికి మించిన గొంతుతో ఉన్నారు. "రా అమ్మా, రా. మా ఇంట్లో నీళ్లు కాసింత ఉప్పగుంటాయి. నీకేసిన మంచం కిర్రుమంటాది. కుక్క తెలిసినోళ్లనే కరుస్తాది, తెలీనోళ్ల జోలికి పోదు, ఎందుకో మాకూ తెల్దు. మరేటీ నేదు, నీ ఇల్లే అనుకో."

"వచ్చిన పిల్లకి ముందు కూడు సూపించు," అని లోపలి నుంచి కేక వినిపించింది. "కుక్కని తరవాత సూపిద్దువు!"

అది వరహాలమ్మగారు. మోచేతుల దాకా పసుపు పచ్చని మామిడి రసంతో వచ్చి, ముట్టుకోకుండా గడ్డంతోనే నన్ను పలకరించారు. నాయుడుగారు చాపలు విప్పి ఊడిన ఈనెలు చూసి, "మా బావమరిది సెప్పనేదా?" అన్నారు. "సెప్పడు. ఆళ్లింట్లో అలవాటు నేదు."

"మా ఇంట్లో మరియాద ఉన్నాది, అందుకని సెప్పరు," అన్నారావిడ.

భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన గుమ్మడి పులుసు. కూరలో బెల్లం వేయడం మా వైపు నేరం కాదు గాని అనుమానాస్పదం. మూడో ముద్దకు నా అనుమానం పోయింది. పులుసులో ఉప్పు తక్కువైందని నాయుడుగారు ప్రకటించారు. వరహాలమ్మగారు ఉప్పు గిన్నెను ఆయన ముందుకు తోసి, నా వైపు తిరిగారు.

"మా పెళ్లి సూపులకి ఈయన తండ్రి ఏటన్నాడో తెలుసా? 'మావోడు గురక పెడతాడు, మొండోడు, అన్నంలో వంకలు పెడతాడు. మీకిష్టమైతే పిల్లనియ్యండి' అన్నాడు. మా నాన్న, ఓహో, ఎంత వినయమో అనుకున్నాడు. వినయం కాదమ్మా. అన్నీ నిజాలే."

"సెప్పినాక కూడా ఒప్పుకున్నారు కదా," అన్నారాయన తృప్తిగా.

"ఈయన నిజం సెప్తాడు," అన్నారావిడ. "దాని నష్టం నాను మోస్తాను. పోయినేడు ఒక బేరగాడొస్తే, 'ఇది పీచు మామిడి రసం, కాసింత పుల్లగుంటాది, మా ఆడోళ్లు సేత్తో పోస్తారు, ఒకసోట దళసరి ఒకసోట పలసన' అని సెప్పీసినాడు. ఆయన కాఫీ తాగి ఎల్లిపోనాడు."

సాయంత్రం హైమ నన్ను తోట లోపలికి తీసుకుపోయింది. పీచు చెట్ల మొదళ్లకు నడుము ఎత్తులో సున్నపు పట్టీలు వేసి ఉన్నాయి. చెట్లు కొట్టేవాళ్లకు గుర్తులవి. కింద రాలిన పండ్ల వాసన ముక్కు నిండా ఉంది. వరహాలమ్మగారు మా వెనకే గంపతో వచ్చి, పట్టీల వైపు చూడకుండా పండ్లు ఏరుకున్నారు. ఎంత జాగ్రత్తగా చూడలేదంటే, ఏ చెట్టుకు పట్టీ ఎక్కడుందో ఆవిడకు కంఠతా వచ్చునని నాకు తెలిసిపోయింది.

పొర మీద పొర

తాండ్ర ఒక్కరోజులో అయ్యే వంట కాదు. కావు వేసి మగ్గబెట్టిన పండ్లను కడిగి, పిండి, పీచు పోయేలా వడగట్టి, రసంలో బెల్లం కలిపి చాప మీద పలచగా పరుస్తారు. అది ఎండాక మర్నాడు దాని మీద ఇంకొక పొర. అలా వేలెడు మందం వచ్చేదాకా రోజుకొక పొర. రోహిణి కార్తె ఎండలు ఉండగా పూర్తి కావాలి. మృగశిర వచ్చి వాన పడితే అంతే సంగతులు.

నేను కూడా ఒక పొర వేస్తానన్నాను. శ్రమ పట్ల గౌరవాన్ని మాటల్లో చాటడం కంటే చేతల్లో చాటడం మేలని నా సిద్ధాంతం. వరహాలమ్మగారు ఒక చాప నాకు వదిలారు. అరచేతితో రసాన్ని ఒక్క ఊపులో చివరిదాకా లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గడ్డ కడుతుంది. నేను సగం లాగాక నాకొక సందేహం కలిగింది.

"పిన్నీ, చెట్లు మీకూ ఆయనకూ ఇద్దరివీ కదా. కొట్టాలన్న నిర్ణయంలో మీకు ఓటు లేదా?"

"ఉన్నాది. సెయ్యి లాగు."

"మరి వద్దని చెప్పలేదా?"

"సెప్పినాను. ఆయన కూడా కూకుని ఏడ్సినాడు. కూలోళ్లు దొరకరు, కోతులు ఆగవు, కొనేవోడు రాడు. జామాయిలుకి కాపలా ఒద్దు, పండగొచ్చినా పబ్బమొచ్చినా అది పెరిగిపోతాది. ఆయన సెప్పినదాంట్లో అబద్దం నేదమ్మా. అదే నా కర్మం. సెయ్యి లాగు, సెయ్యి లాగు!"

అప్పటికే ఆలస్యమైంది. ఆ ఎండకు నా పొర, నా ప్రశ్న పొడవునా గడ్డలు కట్టింది. ఆవిడ వేలితో ఒక గడ్డను నొక్కి చూశారు. "నోరు ఆడితే ఆడనీ, సెయ్యి ఆగకూడదు," అని, మర్నాటి పొరతో అది కప్పబడిపోతుందని ఓదార్చారు. కప్పబడిపోయింది కూడా. పైకి చూస్తే ఎవరికీ తెలియదు. ఈ విషయంలో తాండ్రకూ మా వాదనా కళకూ గల పోలిక నాకు సంతోషాన్నిచ్చింది.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా జల్లు పడింది. అందరం పరదాలు పట్టుకుని పరుగెత్తాం. నేను వడియాల మీద పరదా కప్పబోయి వడియాల మీదే కూర్చున్నాను. తాండ్ర చాపలు తడవలేదు గాని ఎండ లేక ఆ రోజు పొర పడలేదు. "ఇదీ ఒక వంకే," అన్నారు నాయుడుగారు మబ్బు వైపు చూస్తూ, భద్రంగా దాచుకున్నట్టు.

సంత: గంప అడుగున రెండు పుచ్చులు

మర్నాడు పాతపట్నం సంతకు నాయుడుగారితో వెళ్లాను. శత్రువు బలాన్ని ముందుగా అంచనా వేయాలి కదా. ఒడిశా సరిహద్దు పక్కనే కావడంతో సంతలో రెండు భాషలూ ఒకే వాక్యంలో ఇరుకిరుకుగా సర్దుకుంటాయి. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎండు మామిడి ముక్కలు అమ్ముతూ, 'ఆంబులొ, ఆంబులొ' అని పిలుస్తోంది. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదని ఇరవై రూపాయలకు దోసెడు పోసింది.

నాయుడుగారు వంకాయల గంప దించి నిలబడ్డారు. "నిన్న సాయంత్రం కోసినవి. అడుగున రెండు పుచ్చులుంటాయి, మూడూ ఉండొచ్చు. ముచ్చిక కాసింత ముదురు. రండి!"

పక్కనున్న కూరగాయల ఆయన తన వంకాయలు వెన్నముద్దలని ప్రమాణం చేస్తున్నాడు. జనంలో కొందరు నాయుడుగారి మాట విని అటువైపు జరిగిపోయారు. నేను ఆ వెళ్లినవాళ్లను శ్రద్ధగా గమనించాను. ఇంతలో చెవులకు బంగారు పోగులున్న ఒక ఒడియా ముసలావిడ ఎవరి ప్రమాణాలూ వినకుండా తిన్నగా మా గంప దగ్గరకే వచ్చి, "దోషొ కొణొ?" అంది. దోషమేమిటని. ఆయన పుచ్చుల సంగతి చెప్పారు. ఆవిడ తలాడించి, పుచ్చులు రెండూ ఏరి పక్కన పెట్టి, మిగిలినవన్నీ సంచిలో పోయించుకుంది. ఆవిడ ప్రతి వారం వస్తుందట.

ఒకరిద్దరు మినహాయింపులు సూత్రాన్ని కొట్టివేయవని నేను నిర్ధారించుకున్నాను.

శిక్షణ

విశాఖ ఆయన వచ్చే ముందు రోజు, వాకిట్లో నులక మంచం మీద నేను కొనుగోలుదారునై కూర్చున్నాను. హైమ న్యాయనిర్ణేత. వరహాలమ్మగారు రసం పిండుతూ ప్రేక్షకులు.

"తాండ్ర ఎలా ఉంటుందండీ?" అన్నాను.

"బాగుంటాది. గాని..."

"గాని వద్దు బాబాయిగారూ."

"బాగుంటాది. అయితే..."

"అదీ వద్దు."

"మరి ఏటి మిగిలింది?"

"బాగుంటుంది, అంతే. అక్కడ ఆగాలి."

ఆయన ఆగి చూశారు. కొండ ఎక్కుతున్నవాడిని మధ్యలో నిలబెట్టినట్టు ఒక కాలి మీదకు ఒరిగారు. కంఠం లోపల 'గాని' కదులుతూండటం పైకే కనిపించింది. "ఊపిరాడ్డం నేదమ్మా," అన్నారు చివరికి.

నేను నా సూత్రాన్ని వివరించాను. అడిగినదానికి అబద్ధం చెబితే అది అసత్యం. అడగనిదాన్ని చెప్పకపోతే అది మౌనం. కొనేవాడు బుద్ధిమంతుడు, కళ్లున్నవాడు, నాలుక ఉన్నవాడు. వంకను అతని కంటే ముందు మనమే వెతికిపెడితే అతని వివేకాన్ని అవమానించినట్టే. హైమ నాకు పూర్తి మార్కులు వేసింది.

"అడిగితే సెప్పొచ్చు కదా?" అన్నారాయన.

"అడిగితే తప్పక చెప్పండి."

"అడక్కపోతే నాను సెప్పను. మాట ఇస్తన్నాను," అని ఆయన నా చేతిలో చెయ్యి వేశారు.

వరహాలమ్మగారు పిండుతున్న టెంకను గంగాళంలోకి జారవిడిచారు. "ముప్పై ఏళ్ల కాపరంలో నాను సెయ్యలేనిది ఈ గుంట పిల్ల ఒక్క పూటలో సేసీసింది," అన్నారు. ఆవిడ ఆ సాయంత్రం నాకు చేసిన పాకం గారెల రుచి వర్ణించను. నా విజయం కన్నా అవి బాగున్నాయి.

విశాఖ నుంచి వచ్చినాయన

ఆనందరావుగారు ఉదయమే కారులో వచ్చారు. నెమ్మదైన మనిషి. తాండ్రను వెలుతురుకు ఎత్తి చూశారు, వాసన చూశారు, చిన్న ముక్క తిని కళ్లు మూసుకున్నారు. చాపలు చూశారు, వడకట్టే గుడ్డలు చూశారు. అన్నీ చూశాక మంచం మీద కూర్చుని నాయుడుగారి ముఖంలోకి ఎదురుచూస్తున్నట్టు చూశారు.

నాయుడుగారు, "బాగుంటాది," అన్నారు. ఆగారు.

ఆనందరావుగారు కాసేపు వేచి, "ఊఁ, ఇంకా?" అన్నట్టు కనుబొమలు ఎత్తారు. నాయుడుగారు చూరు వైపు చూశారు. ఆ మౌనం పలచబడుతున్నదని గ్రహించి నేను లేచాను. చేతి పనితనం, స్థానిక ఫలజాతి, యంత్రం ఇవ్వలేని రుచి అనే మూడు అంశాల మీద, పోటీల్లో ఇచ్చే సమయం మించకుండా, చాలా బాగా మాట్లాడాను.

"మీరెవరమ్మా?" అన్నారాయన.

"హైమ స్నేహితురాలిని."

"వకీలు చదువుతున్నారా?"

"ఇంకా లేదండీ."

"చదవండి," అని ఆయన చెప్పులు తొడుక్కున్నారు. తరువాత నాయుడుగారితో మర్యాదగానే అన్నారు: "నరసన్నపేటలో నలుగురు చెప్పారండీ, మీరు వంక చెప్పకుండా ఏదీ అమ్మరని. అందుకే ఇంత ఎండలో వచ్చాను. నోరారా పొగిడేవాళ్లు మాకు విశాఖలోనే బోలెడుమంది. మీరే నోరు విప్పడం లేదంటే, ఇందులో పైకి చెప్పుకోలేనిదేదో ఉందన్నమాట. వస్తాను."

నాయుడుగారు నా వైపు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ స్పష్టంగా గుర్తుంది. ఆయన మాట ఇచ్చారు. ఆనందరావుగారు అన్నది అన్నారే గాని అడగలేదు. నా నిర్వచనం ప్రకారం ఆయన ఇంకా మౌనంగానే ఉండాలి. ఉన్నారు. మొండోడని వాళ్ల నాన్నగారు ముందే చెప్పారు కదా.

కారు తలుపు తీసిన చప్పుడు. అప్పుడు వరహాలమ్మగారు, రసం కారుతున్న చేతులతోనే వాకిట్లోకి వచ్చేశారు.

"ఓ బాబూ! వంక కావాలా మీకు? కూకోండి, సెప్తాను! పీచు మామిడి ఇది, పులుపు పోదు, ఎంత బెల్లమేసినా పోదు. ఒక పొర నాడు ఈయనతో దెబ్బలాడి కోపంలో బెల్లం ఎక్కువ కుమ్మరించీసినాను, నాలుగో పొర, అక్కడ నల్లగుంటాది. జల్లు పడ్డ నాడు పొరే పడనేదు. ఆ సివరి సాప మా అన్న ఇచ్చింది, ఈనెలు ఊడినాయి, అడుగున గీతలుంటాయి. ఇదిగో, ఈ పిల్ల ఒక పొర ఏసింది. మాటలాడుతూ ఏసింది. గడ్డలు కట్టింది. పైన కప్పెట్టీసినాము, మీకు కనబడదు!"

ఆనందరావుగారు తలుపు మూసి వెనక్కి వచ్చారు. మంచం మీద కూర్చుని కత్తి అడిగారు. నా చాపలోని ముక్కను నిలువుగా కోసి చూశారు. వేలెడు మందంలో పొరలన్నీ బయటపడ్డాయి: ఒకటి బంగారం రంగు, ఒకటి నల్లగా, మధ్యలో ఒకటి కుట్టు తప్పిన గుడ్డలా ఎగుడుదిగుడుగా.

"ఇదేనా మీది?" అన్నారు నాతో. జీవితంలో మొదటిసారి నేను ఒక్క పదంలో సమాధానం చెప్పాను.

నాయుడుగారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు నాను మాటాడొచ్చా అమ్మా?"

నేను తలూపాను.

"మా ఇంటిది ఒకటి తప్పు సెప్పింది. బెల్లం ఎక్కువైంది నాలుగో పొర కాదు. ఐదో పొర."

"నాలుగు!" అన్నారావిడ.

"ఐదు. నాలుగో నాడు మనం దెబ్బలాడుకోనేదు. ఆ నాడు నువ్వు నాతో మాటాడ్డమే మానీసినావు."

ఇద్దరూ ముక్క పట్టుకుని పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆనందరావుగారు వెనక్కి వాలి కాఫీ అడిగారు. తరువాతి బేరం సాఫీగా సాగింది. ఆయన ప్రతి వంకకూ కొంత తగ్గించారు, వాళ్లు ప్రతి వంకనూ ఆయనకంటే బాగా సమర్థించారు. ఈ ఏటి తాండ్ర మొత్తం తీసుకుంటానన్నారు. వచ్చే ఏడు సంగతి దుకాణంలో ఇది ఎలా పోతుందో చూసి చెబుతానన్నారు.

ఆ మధ్యాహ్నమే నాయుడుగారు జామాయిలు మొక్కలాయనకు ఫోను చేశారు. "ఈ యేడు ఒద్దు బాబూ. వచ్చే యేడు మాట ఇప్పుడు సెప్పలేను. మా బూమిలో రాయి కూడా ఉన్నాది, అదీ సెప్పీస్తన్నాను." వరహాలమ్మగారు తడి గుడ్డ పట్టుకుని తోటలోకి వెళ్లి, ఒక చెట్టు సున్నపు పట్టీని చాలాసేపు రుద్దారు. సున్నం పోలేదు, గుడ్డ చిరిగింది. "వాన కడిగేస్తాదిలే," అని వచ్చేశారు. ఎన్ని వానలకని మేమెవరమూ అడగలేదు.

విశాఖ: దుకాణంలో

తరువాత కొన్ని వారాలకు పని మీద విశాఖ వెళ్లినప్పుడు ఆ దుకాణానికి పోయాను. అద్దాల బల్ల మీద తాండ్ర పొట్లాలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి. మీద అందమైన అక్షరాలతో 'ఏ లోపమూ లేని అచ్చమైన మామిడి తాండ్ర' అని అచ్చు వేయించారు. నాయుడుగారికి ఇది ఎవరూ చూపించకూడదని కోరుకుంటూ ఒకటి కొన్నాను.

పేర్చినవి చాలానే మిగిలి ఉన్నాయి. నేను వాటిని లెక్కించడం లేదని నాకు నేను చెప్పుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఇంతలో చేతిసంచితో ఒక పెద్దావిడ వచ్చి, ఒక పొట్లం తీసి అటూ ఇటూ తిప్పింది. అమ్మే అమ్మాయి ఫోనులో ఉంది. పెద్దావిడ నా చేతిలోని పొట్లం చూసి నన్నే అడిగింది.

"బాగుంటుందా అమ్మా?"

ఆవిడ పొట్లం కింద పెడితే ఏం పోతుందో నాకు తెలుసు. మొదళ్లకు సున్నపు పట్టీలున్న చెట్లు కళ్ల ముందు నిలిచాయి. ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. అది ఒకరికి నేర్పినదాన్ని.

"చాలా బాగుంటుందండీ," అన్నాను. ఆగాను. ఊపిరాడలేదు.

"గాని..."

ఆవిడ పొట్లం కింద పెట్టలేదు. అద్దాలు సర్దుకుని, నా వైపు ఒక అడుగు దగ్గరగా జరిగింది.

"ఊఁ, చెప్పు," అంది.